ఇస్త్రీ చేసిన రిబ్బన్లు

ఆ ఏడు ఫిబ్రవరిలో మా బావి తాడు గడ్డకట్టి కర్రలా నిలబడింది. మైనస్ ముప్పై రెండు. ఊళ్ళో సగం ఆపిల్ చెట్లు బెరడు పగిలి చచ్చాయి. పక్కింటి మిల్దా ఎంతో గొప్పగా చెప్పుకునే తీపి చెర్రీలయితే ఒక్కటీ మిగల్లేదు. సరిగ్గా అప్పుడే మా ఆయన ఎగిల్స్ గళ్ళ కాగితం, పెన్సిలు, టేపు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, మోకాలి లోతు మంచులో కొలతలు మొదలుపెట్టాడు.

ట్రాక్టరుకి షెడ్డు కట్టాలన్నది ఆయన కోరిక. కరెంటు పనివాడు కదా, కొలవనిదే దేన్నీ నమ్మడు. పెళ్ళికి ముందు నన్ను కూడా చాటుగా కొలిచే ఉంటాడని మా అత్తయ్య ఆల్వీనే అంటుండేది. ఎటు కొలిచినా షెడ్డుకి కుదిరే చోటు ఒక్కటే వచ్చింది. అది రోడ్డు వైపు గోడ వెంట ఉన్న పద్నాలుగు పుల్లటి చెర్రీ పొదల వరస. ఎలాగూ ఈ చలికి చచ్చే ఉంటాయి, ఆగస్టులో కొట్టేద్దాం అన్నాడు. అత్తయ్య వినీ విననట్టు రై రొట్టె పిండి కలుపుతూ ఉండిపోయింది. ఆవిడ గొడవ పడితే నాకు భయం ఉండేది కాదు. నోరు మెదపకపోతేనే భయం.

ఎందుకంటే ఆ చెర్రీల సంగతి నాకు మిల్దా చెప్పింది. అత్తయ్య కొత్త పెళ్ళికూతురిగా ఈ ఇంటికి వచ్చినప్పుడు, తడి గోనెలో చుట్టిన మూడు పిలకలు ఒళ్ళో పెట్టుకుని బస్సు దిగిందట. వాళ్ళ అమ్మ పెరట్లో తవ్వి ఇచ్చినవి. తర్వాత నాలుగేళ్ళకి, సర్కారు వాళ్ళు చేలన్నీ కలిపి చదును చేసిన రోజుల్లో, వాళ్ళ పుట్టిల్లు కూడా చదునైపోయింది. ఇల్లు, బావి, పశువుల కొట్టం, తోట అన్నీ పోయాయి. ఇప్పుడక్కడ గోధుమ చేను. అప్పట్నుంచీ అత్తయ్య ఆ ఇంటి పేరు ఎత్తలేదు. ఆ దారిన వెళ్ళే బస్సు కూడా ఎక్కలేదు. ఎగిల్స్‌కి తెలిసిందల్లా, అమ్మ ఎక్కడినుంచో చెర్రీలు తెచ్చిందని.

నేను ఆ ఇంటికి వచ్చి నాలుగేళ్ళు. తల్లీకొడుకుల మధ్య దూరేంత చొరవ నాకింకా లేదు. అందుకని మూడో దారి పట్టాను. చలికి తట్టుకునే పాత నాటు చెర్రీలు ఎక్కడైనా ఉంటే తెలియజేయమని పేపర్లో పండ్ల తోటల పరిశోధనా కేంద్రం వాళ్ళ ప్రకటన ఒకటి పడింది. దాన్ని కత్తిరించి, ఎవరికీ చెప్పకుండా ఉత్తరం రాశాను.

మార్చిలో ఆ కేంద్రం నుంచి డాగ్నియా అనే అమ్మాయి దిగింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, పొడుగ్గా, రబ్బరు బూట్లతో, మాటకి ముందు తుమ్ముతూ. నేనేదో చెప్పబోయేలోపే వరసంతా తిరిగి కొమ్మలు కత్తిరించి, నీళ్ళ బకెట్లో పెట్టి వంటింట్లో ఉంచమంది. రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి, వంటింటి బల్ల మీద తెల్ల కాగితం పరిచి, జేబులోంచి గడ్డం గీసుకునే బ్లేడు తీసింది.

అత్తయ్య ఆ పిల్ల ముందు వేడివేడి మాంసం బన్నుల పళ్ళెం పెట్టి, ఆ పక్కనే కూర్చుంది. డాగ్నియా ఒక్కొక్క మొగ్గనే అడ్డంగా కోసి చూస్తోంది. మొగ్గ నడుమ పచ్చగా ఉంటే బతికినట్టు, గోధుమ రంగు చుక్క ఉంటే చచ్చినట్టు. వంద మొగ్గలు కొయ్యాలట. ఇరవయ్యో మొగ్గ దగ్గర అత్తయ్య ఉండబట్టలేకపోయింది.

“అమ్మాయ్, బతికిందో లేదో చూడ్డానికి చంపేస్తున్నావు కదే.”

“వంద పోతే పోనివ్వండి అమ్మగారూ. మీ పొదలకి లక్ష ఉంటాయి.”

“లక్ష ఉన్నాయని నా బల్ల మీద చంపుతావా? కనీసం ఆ బన్ను తిని చంపు, చల్లారిపోతోంది.”

వందలో ఎనభై మూడు పచ్చగా తేలాయి. డాగ్నియా తుమ్ము కూడా ఆపుకుని మళ్ళీ లెక్కపెట్టింది. ఈ చలికాలం తర్వాత ఆ జిల్లా మొత్తంలో యాభై దాటిన చెర్రీ ఇంకెక్కడా లేదని చెప్పింది. అయితే మొగ్గ బతికితే చాలదు, మేలో ఎన్ని పూలు పూశాయో, జులైలో వాటిలో ఎన్ని పండయ్యాయో కూడా చూడాలి. బాగుంటే వరసని తల్లి మొక్కలుగా నమోదు చేసుకుంటారు. ఆ తర్వాత వాటిని ఎవరూ కొట్టడానికి లేదు.

ఎగిల్స్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఉత్తరం రాసింది ఎవరో నా మొహం చూసే కనిపెట్టేశాడు. ఎన్ని పండితే బాగున్నట్టు అని మాత్రం అడిగాడు. వంద పూలకి ఇరవై పండ్లు నిలిస్తే మంచి నాటు రకమే అంది డాగ్నియా.

“అయితే ఇరవై,” అన్నాడు ఎగిల్స్. “ఇరవై వస్తే షెడ్డు మాట మళ్ళీ ఎత్తను. పంతొమ్మిది వస్తే గొడ్డలి ఎత్తుతాను. ఒప్పుకుంటావా అమ్మా?”

అత్తయ్య పిండి చేతిని లంగాకి తుడుచుకుని కొడుకు చెయ్యి పట్టుకుని ఊపింది. సంతలో ఆవు బేరం కుదుర్చుకున్నంత గట్టిగా ఊపింది. ఆ రాత్రి ఆవిడ గదిలో దీపం ఆర్పడం మర్చిపోయి నిద్రపోయింది.

మే మూడో వారంలో చెర్రీలు పూశాయి. ఆకు కనపడకుండా పూశాయి. రోడ్డు మీద పోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి చూశారు. మిల్దా రోజుకోసారి ఏదో వంకతో వచ్చి గోడ పట్టుకుని నిట్టూర్చి వెళ్ళింది. డాగ్నియా సంచీ నిండా తెల్ల గుడ్డ రిబ్బన్లు తెచ్చి పొదకి రెండు కొమ్మల చొప్పున ఇరవై ఎనిమిది కొమ్మలకి కట్టింది. ఒక్కో రిబ్బను మీదా చెరగని సిరాతో ఒక అంకె. ఆ అంకె ఎదురుగా తన పుస్తకంలో కొమ్మకి ఎన్ని పూలున్నాయో రాసుకుంది. వెళ్ళేముందు మా అందరికీ ఒక్కటే చెప్పింది: పిట్టల్ని తోలండి, కొమ్మలు విరవకండి. మిగతాది తేనెటీగలు చూసుకుంటాయంది. రిబ్బన్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలని ఆ అమ్మాయికి తోచలేదు. తోచకపోవడంలో ఆమె తప్పేమీ లేదు, ఆమె పట్నంలో పెరిగింది.

పట్నం వాళ్ళకి జూన్‌లో వచ్చే లీగో పండుగంటే బీరు, నెగడు, తలకి పూల దండ. మా పల్లెలో లీగో అంటే పరీక్ష. ఆ సాయంత్రం ఆడవాళ్ళు జట్టుగా పాడుతూ ఇంటింటికీ వస్తారు. వచ్చేది ఆశీర్వదించడానికని పేరు, కళ్ళు మాత్రం కూరమడుల మీదే ఉంటాయి. ఒక్క కలుపు మొక్క కనపడినా, కంచె ఒక పలక ఊడి ఉన్నా, అక్కడికక్కడే పాట కట్టేస్తారు. ఇంటి ఇల్లాలు తడుముకోకుండా తిరిగి పాట అందుకోవాలి. లేకపోతే ఏడాదంతా ఆ పాట సంతలో కూడా వినపడుతుంది. మా అత్తయ్య ముప్పై ఏళ్ళుగా ఓడిపోలేదు. జట్టుకి పెద్ద మిల్దా ముప్పై ఏళ్ళుగా గెలవలేదు.

పండుగకి ముందురోజు నేను ఇద్దరు మేనకోడళ్ళతో కలిసి ఓక్ కొమ్మలు కొట్టడానికి అడవికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉంది. క్యారెట్ మడిలో గడ్డిపోచ లేదు. బావి గట్టు కడిగి ఉంది. వంటింటి బల్ల మీద ఉతికి, ఇస్త్రీ చేసి, మడత మీద మడత పెట్టిన తెల్ల రిబ్బన్లు వరసగా పేర్చి ఉన్నాయి. ఒకటి నుంచి ఇరవై ఎనిమిది వరకు, అంకెల వరసలో.

ఓక్ కొమ్మలు గుమ్మంలోనే పడేసి బల్ల దగ్గరికి వెళ్ళాను.

“అత్తయ్యా, ఇవి...”

“పీలికల్లా వేలాడుతున్నాయే. పిట్ట రెట్టలు కూడానూ. మిల్దా చూస్తే ఊరుకుంటుందా, ఆల్వీనే పాత లంగాలు చెట్లకి ఆరేసిందని పాడదూ? పండుగ అవగానే మళ్ళీ కట్టేద్దాం. ఒక్కటీ పోలేదు, చూసుకో.”

“ఏది ఏ కొమ్మకి ఉందో గుర్తుందా?”

అత్తయ్య ఇస్త్రీ పెట్టె వైపు చూసింది, అదేమైనా చెబుతుందేమోనని. ఆవిడ మొహంలో రంగు మారింది. ఏ కొమ్మకి ఎన్ని పూలు పూశాయో తెలియకపోతే, ఎన్ని పండయ్యాయో లెక్కకట్టేది ఎలా? లెక్క లేకపోతే ఇరవై లేదు. ఇరవై లేకపోతే ఆగస్టు, గొడ్డలి. తన పుట్టింటి చెట్లని తన చేతులతోనే, శుభ్రం చేస్తున్నాననుకుంటూ ఆవిడ పోగొట్టుకుంది.

డాగ్నియాకి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

“ఇస్త్రీ కూడా చేశారా?” అని అడిగింది.

చేశారని చెప్పాను. పాపం ఆ పిల్లకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొదల వరసయితే రాసుకుంది కానీ, పొదలో ఏ కొమ్మో రిబ్బన్ని బట్టే తెలుస్తుందనుకుంది. ఈ ఏటికి ఇక ఏమీ రాయలేనని, వచ్చే వసంతంలో మళ్ళీ మొదలుపెడదామని చెప్పి పెట్టేసింది. వచ్చే వసంతానికి అక్కడ షెడ్డు ఉంటుంది. ఎగిల్స్ పక్క గదిలోనే స్విచ్చు బిగిస్తూ అంతా విన్నాడు. బయటికి రాలేదు.

ఈ సంగతి మిల్దా చెవిన ఎవరు వేశారో నాకు తెలియదు. మేనకోడళ్ళ మీదే నా అనుమానం. మర్నాడు సాయంత్రం జట్టు వచ్చింది. కూరమడులు చూశారు, కంచె చూశారు, వంక దొరకలేదు. అప్పుడు మిల్దా గొంతు సవరించుకుని కొత్త పాట ఎత్తుకుంది. ఈ ఇంట్లో చెట్ల రిబ్బన్లకి కూడా ఇస్త్రీ చేస్తారట, రేపు ఆవు తోకకి గంజి పెడతారట, ఎల్లుండి కోడిపుంజు కూతని మడతపెట్టి బీరువాలో దాస్తారట. జట్టంతా పగలబడి నవ్వింది. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది. అందరూ అత్తయ్య వైపు తిరిగారు. మిల్దా అయితే దెబ్బ కాచుకోవడానికి సిద్ధంగా, సంబరంగా నిలబడింది.

అత్తయ్య పాడలేదు. చేతిలో ఉన్న బీరు కూజా బల్ల మీద పెట్టి, జున్ను తెస్తానని పశువుల కొట్టం వైపు నడిచింది. జున్ను కొట్టంలో ఉండదు.

మిల్దా మొహం వాడిపోయింది. నేనేమన్నానే అని నా చెయ్యి పట్టుకుంది. ఓక్ ఆకుల దండ తలమీద పెట్టుకుని నెగడు ఎగదోస్తున్న ఎగిల్స్, తల్లి వెళ్ళిన వైపే చూస్తూ ఉండిపోయాడు. వాళ్ళమ్మ పాటకి పాట చెప్పకపోవడం ఆయన పుట్టాక అదే మొదటిసారి.

పొద్దున నేను లేచేసరికి ఎగిల్స్ బయటికి వెళ్ళిపోయాడు. బల్ల మీద సోంపు జున్ను పళ్ళెం కింద నాలుగు మడతల గళ్ళ కాగితం ఉంది. విప్పి చూశాను. పద్నాలుగు పొదలు పైనుంచి చూసినట్టు గీసి ఉన్నాయి. ప్రతి పొదలోనూ రెండు చుక్కలు. ప్రతి చుక్క పక్కనా రిబ్బను అంకె, అది ఏ దిక్కున ఉందో, నేల నుంచి ఎన్ని సెంటీమీటర్ల ఎత్తున ఉందో, దానికి ఎన్ని పూలున్నాయో. అత్తయ్యని పిలిచి చూపించాను. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని, బల్ల పక్కన నిలబడే మొత్తం చదివింది.

ఎగిల్స్ పాల బకెట్‌తో లోపలికి వచ్చాడు.

“ఇదెప్పుడు రాశావురా?”

“మేలో. ఆ అమ్మాయి వెళ్ళిన సాయంత్రం.”

“ఎందుకు?”

బకెట్ దించి, చేతులు కడుక్కుని, తుడుచుకున్నాడు. “ఆ అమ్మాయి నీ వైపు. పూలు తక్కువ రాసుకుందనుకో, అవే పండ్లకి శాతం ఎక్కువొస్తుంది. ఆ మోసం పట్టుకుందామని నేనూ లెక్కపెట్టాను.”

“పట్టుకున్నావా?”

“ఆమె పుస్తకం చూస్తేనే కదా తెలిసేది. ముందు రిబ్బన్లు కట్టండి. పొద్దుటి మంచు ఆరకముందే కడితే ముడి గట్టిగా పడుతుంది.”

ఆ కాగితం చింపి పొయ్యిలో వేసినా ఎవరికీ తెలిసేది కాదు. షెడ్డు ఆయన చేతిలోకి వచ్చేసింది, తనకు తానుగా. అత్తయ్య ఆయన పళ్ళెంలో జున్ను ముక్క పెట్టింది. కాసేపాగి ఇంకో ముక్క పెట్టింది. ముగ్గురం టేపు పట్టుకుని వరస వెంట నడిచి ఇరవై ఎనిమిది రిబ్బన్లూ కట్టాం. ఇస్త్రీ మడతల వల్ల అవి చాలా బాగున్నాయి.

జులై అంతా అత్తయ్య చెర్రీల కింద ముక్కాలి పీట వేసుకుని, మూత, గరిటె చేతబట్టుకుని కూర్చుంది. గోరువంకలు గుంపుగా దిగితే చాలు, మూత మోగేది. మిల్దా మనసు ఊరుకోక తన మూత కూడా తెచ్చుకుని ఆ చివర కూర్చుంది. ఇద్దరూ రోజంతా ఒకరినొకరు తిట్టుకుంటూ పిట్టల్ని తోలారు. పిట్టలు మూతలకి భయపడ్డాయో, తిట్లకి భయపడ్డాయో నేను చెప్పలేను.

నెలాఖరున డాగ్నియా వచ్చింది. ముందు తన పుస్తకం, ఎగిల్స్ కాగితం పక్కపక్కన పెట్టి చూసింది. ఇరవై ఏడు కొమ్మల అంకెలు ఒక్కటే. పదమూడో కొమ్మకి ఆమె నూట పదకొండు రాసింది, ఎగిల్స్ నూట తొమ్మిది రాశాడు. రెండు పూలు ఎవరు ఎక్కువ చూశారని ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. చివరికి డాగ్నియా పెన్ను తీసి, ఇలా ఎదుటి పక్షం వాడు విడిగా పెట్టిన లెక్క కూడా కలిస్తే ఇంతకంటే గట్టి రుజువు తన పదేళ్ళ ఉద్యోగంలో చూడలేదంది. నూట పదకొండే ఉంచారు.

తర్వాత పండ్ల లెక్క. అత్తయ్య చూడలేనని వంటింట్లోకి పోయి, జడపిన్నుతో చెర్రీ గింజలు తీస్తూ కూర్చుంది. మోచేతుల దాకా ఎరుపు. నేను కిటికీ దగ్గర నిలబడి అటూ ఇటూ వార్తలు మోశాను. మొదటి పొదకి నూటికి పద్దెనిమిదే వచ్చింది. రెండోదానికి పదహారు. ఆ మాట చెప్పినప్పుడు అత్తయ్య పిన్ను ఆగింది కానీ తల ఎత్తలేదు. ఆ రెండూ రోడ్డు గాలికి నిలబడ్డవి. అయిదో పొద నుంచి అంకెలు లేచాయి. చివరిదాకా లెక్క అయ్యేసరికి ఎండ గోడ దాటిపోయింది.

ఎగిల్స్ తనే లోపలికి వచ్చి చెప్పాడు. రెండు వేల తొమ్మిది వందల పద్నాలుగు పూలు. ఏడు వందల యాభై ఎనిమిది పండ్లు.

“నూటికి ఇరవై ఆరు, అమ్మా. నేను ఓడిపోయాను.”

ఓడినవాడి మొహంలా లేదది. పెళ్ళినాడు కూడా ఆయన అంత బాగా నవ్వలేదు. అత్తయ్య చెర్రీ చేతులతోనే కొడుకు మొహం పట్టుకుంది. రెండు చెంపలూ ఎర్రగా ముద్రలు పడ్డాయి. వాటితోనే బయటికి వెళ్ళి కాగితాల మీద సంతకం పెట్టాడు.

నమోదు కాగితంలో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. మొక్క ఎక్కడినుంచి వచ్చిందని డాగ్నియా అడిగింది. అత్తయ్య చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. తర్వాత తన పుట్టింటికి ఉన్న పేరు చెప్పింది; మా వైపు పొలాల్లో ప్రతి ఇంటికీ ఒక పేరుంటుంది. కల్న స్ట్రాద్జి. అందులో ఎవరుండేవారో, బావి ఎటువైపు ఉండేదో, చెర్రీల వెనక తేనె పెట్టెలు ఎన్ని ఉండేవో చెప్పి, ఇప్పుడేమీ లేదు, ఆ పేరు రాస్తే మీ మ్యాపులో దొరకదు అంది. డాగ్నియా రాసింది. ఎగిల్స్ అక్కడే నిలబడి విన్నాడు. నలభై ఏళ్ళవాడు, తల్లి పుట్టిన ఇంటి పేరు అదే మొదటిసారి వినడం. ఆ వారంలో రెండుసార్లు పని మీద వెళ్తున్నానని చెప్పి, పని సంచీ ఇంట్లోనే వదిలి వెళ్ళాడు.

సెప్టెంబరులో డాగ్నియా వచ్చి తమ కేంద్రం తోటకి కావలసిన పిలకలు తవ్వుకుంది. మొత్తం పద్దెనిమిది. ఆమె కారు మలుపు తిరగ్గానే ఎగిల్స్ పార తీసుకుని ఇంకో మూడు తవ్వాడు. తడి గోనెలో చుట్టి మా కారు వెనక పెట్టాడు. అమ్మా కోటు వేసుకో, విజ్మా నువ్వూ రా అన్నాడు. ఎక్కడికని అత్తయ్య అడిగింది. దగ్గరే అన్నాడు.

ఆవిడ ఎక్కనని ఒట్టు పెట్టుకున్న బస్సు వెళ్ళే దారి అది. రెండో మలుపు దగ్గర అత్తయ్యకి అర్థమైంది. ముందు సీటు అంచు పట్టుకుని కూర్చుంది. కారు ఆపమనలేదు.

చేను దున్ని ఉంది. చూపు ఆనినంత దూరం నల్లటి నేల. చేను గలాయన్ని ముందే అడిగానని, కాలువ గట్టు పక్కన అయిదు మీటర్ల వరకు నాగలి తీసుకురానని మాటిచ్చాడని ఎగిల్స్ చెప్పాడు. జిల్లా ఆఫీసులో పాత మ్యాపు వెతికి, కొలిచి, ఇంటి చోటు గుర్తు పెట్టాడట. అక్కడ చిన్న మేకు కూడా పాతి ఉంది.

అత్తయ్య కారు దిగి, మట్టిలో నడిచి వెళ్ళి, ఆ మేకు పక్కన నిలబడింది. చుట్టూ చూసింది. కాలువ వైపు, దూరంగా ఉన్న అడవి అంచు వైపు, మళ్ళీ కాలువ వైపు. ఆవిడ ఏడుస్తోందేమోనని నాకు భయం వేసింది, నేనయితే అప్పటికే ఏడుస్తున్నాను.

“తప్పు కొలిచావురా,” అంది. “ఇది కోళ్ళ గూడు. వాకిలి అటు.”

పద్నాలుగు అడుగులు వేసి ఆగింది. ఎగిల్స్ మేకు పీకి తెచ్చి, ఆవిడ బూటు పక్కన పాతాడు. మూడు పిలకలు నాటాం. కాలువలోంచి నీళ్ళు తెచ్చి పోశాం. అత్తయ్య గుమ్మం ఎక్కడో, వంటిల్లు ఎక్కడో, తను పుట్టిన గది ఎక్కడో నడిచి చూపించింది. నేను ఆవిడ వెనకే నడుస్తూ, లేని గుమ్మం దగ్గర తల వంచాను.

తిరుగుదారిలో అత్తయ్య ఆపకుండా మాట్లాడింది. వాళ్ళ నాన్న కోపం, కుంటి గుర్రం, తేనె దొంగిలించి తన్నులు తిన్న చెల్లెలు, ఒకదాని వెంట ఒకటి. నలభై ఏళ్ళుగా దాచినవన్నీ ఆ రోజు బయటికి వచ్చాయి. మా ఇల్లు అక్కడికి ఇరవై నిమిషాలే. ఎగిల్స్ కారుని మూడో గేరు దాటనివ్వలేదు.